బ్రేకు లైటు మీద దేవుడు

నిన్న హిందూపురంలో ఒక కారు నుంచి కాలిన బ్రేకు వాసన రాగానే నాకు మళ్లీ ఒళ్లు మండింది.

నా చిన్నప్పుడు ధర్మవరంలో చీరలమ్మే మా నాయన మోజుపడి ఒక పాత విదేశీ కారు కొన్నాడు. కొనడానికి దొరికిన డబ్బు బాగుచేయించడానికి దొరకలేదు. స్టీరింగు ముందు ఎర్ర లైటు వెలిగితే, "దిష్టి తగిలిండాది" అని దానిమీద దేవుడి బొమ్మ అంటించాడు. బొమ్మ చుట్టూ ఎర్రటి వెలుగు చూసి, దేవుడే వెలుగుతున్నాడని నేను రోజూ దండం పెట్టేదాన్ని.

ఒకరోజు ముగ్గురం వెళ్తుంటే పెనుకొండ దిగుడులో బ్రేకు పడలేదు. కారు కాలిన వాసన కొడుతూ మట్టిగుట్టను గుద్ది ఆగింది. అమ్మ నుదురు చిట్లింది.

మెకానిక్కు బొమ్మ పీకి, "ఏమప్పా, బ్రేకు అరిగిపోయిందని బండి మొత్తుకుంటాంటే దాని నోరు మూస్తివా?" అన్నాడు.

"దేవుడుండబట్టే బతికితిమి" అన్నాడు నాయన.

ఆ మాట ఇప్పటికీ అందరికీ గర్వంగా చెబుతాడు. పక్కనే కూర్చున్న అమ్మ, మచ్చ కనబడకుండా పెద్ద బొట్టు పెట్టుకొని, తలూపుతుంది.