బడి పన్నుకు చేతులెత్తిన ఏడాది

మా వైపు ఇంటి పెద్దరికాన్ని గదుల్లో కాదు, అంకణాల్లో చెబుతారు. దూలానికీ దూలానికీ నడుమ ఉన్న జాగా ఒక అంకణం. మా తాత కట్టించిన ఇంటికి ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువ అంకణాలు. నేను అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక కంపెనీ స్టోరులో సిమెంటు బస్తాలకూ మేకులకూ కాపలా ఉండే నాటికి వాటిలో సగం మీద పెంకు లేదు. ఆ సంగతి నేను క్యాంపులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. నా గదిలో ఇద్దరు మా ఊరివాళ్ళే.

ఒకడు మేస్త్రీ. పై మంచం అతనిది, కింది మంచం నాది. రెండోవాడు కంపెనీ బస్సు నడిపే సాయిబు. పెద్దింటివాణ్ణని ఇద్దరూ నన్ను సామీ అనేవాళ్ళు. మేస్త్రీ అనేటప్పుడు ఆ మాటలో కొంచెం కారం ఉండేది. ఇస్త్రీ చొక్కా లేకుండా నేను స్టోరుకు వెళ్ళేవాణ్ణి కాను. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటే నేను వేరుగా తినేవాణ్ణి. కారం అందుకే.

మా ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోయేది. ఎనిమిది చదవాలంటే వంక దాటి, రోడ్డెక్కి, బస్సు దొరికితే టౌనుకు పోవాలి. మగపిల్లలు పోయేవాళ్ళు. ఆడపిల్లల చదువు ఏడుతో సరి. మేస్త్రీ కూతురు ఆ ఏడాది ఏడో తరగతిలో ఉంది, బడిలో మొదటిది ఆ పిల్లే. మేస్త్రీకీ అతని భార్యకూ చదువు రాదు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు ఆ పిల్ల రాసేది, ఇక్కడ నేను చదివి వినిపించేవాణ్ణి. పొందికైన రాత, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. చదవడం అయ్యాక మేస్త్రీ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుని, చదవలేని ఆ అక్షరాలను కాసేపు చూసి మడిచేవాడు.

గదులు కట్టి చూపిస్తే బడిని హైస్కూలు చేస్తామని పైనుంచి మాట వచ్చింది. పంచాయతీ దగ్గర డబ్బు లేదు. గ్రామసభ పెట్టి, ఇంటి పన్నుతో పాటు మూడేళ్ళు బడి పన్ను వేసుకుందామా అని ఊరినే అడిగారు. అంకణానికి ఇంత. పెంకుటింటికి ఒక రేటు, స్లాబుకు రెండింతలు, పూరికొట్టానికి ఏమీ లేదు. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది గల్ఫులోనే ఉన్నారు గనక సభ నిండా ఆడవాళ్ళే. చేతులెత్తమంటే ఎత్తారు. పన్ను ఖాయమైంది.

ఒక శుక్రవారం ఆ కబురు సాయిబు మోసుకొచ్చాడు. వీధి చివరి కార్డు ఫోనులో ఇంటివాళ్ళతో మాట్లాడి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేస్త్రీ, నీ పని ఖలాస్. అందరికన్నా ముందు చెయ్యెత్తింది నీ పెండ్లామేనంట."

మేస్త్రీ గడ్డం సగం గీసుకుని ఉన్నాడు. "దేనికి?"

"నీ స్లాబు మింద పన్నుకి. రెండింతలు."

"కింద పోసిందే ఇంకా ఆరలేదు, పైన కమ్ములు ఆకాశం చూస్తాండాయి. అప్పుడే పన్నా?"

"కమ్ములకు గూడా లెక్కేస్తారేమో, చూస్కో."

గదంతా నవ్వింది, మేస్త్రీ తప్ప. సాయంత్రానికి పక్క గదుల్లోని మా ఊరివాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు వచ్చి మంచాల మీద కూర్చున్నారు. అందరిదీ ఒకటే మాట. "ఈడ ఎండలో కాలేది మనం, ఆడ నీడన కూసోని చెయ్యెత్తేది వాళ్ళు. కట్టేదెవురు, ఎత్తేదెవురు?"

ఆ ప్రశ్నకు జవాబు తేలిక కాదని అప్పుడూ ఒప్పుకున్నాను. చేతులు లెక్కపెట్టి ఊరి పని తేల్చే పద్ధతి మా ఇంట్లో ఎవరికీ నచ్చేది కాదు, నాకూ నచ్చేది కాదు. కానీ లెక్కపెట్టాక దానికి కట్టుబడకపోతే ఇక ఊరికి మాట ఏముంటుంది? తర్వాత మా ఇంటికి పన్ను కొలతకు వచ్చిన గుమాస్తా, "కూలినవి వదిలేద్దామా అమ్మా" అని నా భార్యను అడిగాడట. "కూలినా మావే. రాసుకోండి" అందట ఆమె. విని, సరైన మాట అన్నదనుకున్నాను. మరునాడే ముదీర్‌ను, అంటే మా మేనేజరును, కలిసి సెలవు రోజులైన శుక్రవారాలు కూడా పని ఇమ్మని అడిగాను.

కబురు వచ్చిన ఆ సాయంత్రమే, అందరూ ఉండగా, మేస్త్రీ ముఖం కడుక్కుని వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు.

"సామీ, నువ్వు రాస్తే అచ్చుగుద్దినట్టుంటాది. పంచాయితీకి ఒక కాయితం రాసీ. గల్ఫ్‌లో ఉండే మేమెవురం దీనికి ఒప్పుకోలేదని. అందరం యేలిముద్రలేస్తాం."

"రాయను."

"యాల?"

"ఆ బడి నేల మా తాత ఇచ్చినది. దాని మీద నా చెయ్యి లేవదు. అయినా నీ కూతురు ఎనిమిది ఎక్కడ చదువుతుంది మేస్త్రీ?"

"దాన్ని టౌన్లో హాస్టల్లో ఏస్తా. ఎంతైనా పెడతా. నా బిడ్డ చదువు నాకిడిసిపెట్టు. నన్నడక్కుండా నా ఇంటి మింద చెయ్యెత్తినారే, అది చెప్పు. ఇంగ మీ తాత మాట. ఇచ్చినాడు, కాదన్ల్యా. ఇచ్చిన పొద్దు ఆ చేన్లో మడక దున్నతాండింది మా తాత. తెల్లారి పోతే చేను చుట్టూ రాళ్ళు నాటినారంట. పేరు మీది సామీ, చేను మాది."

సాయిబు టీవీ చప్పుడు పెంచాడు.

ఆ మాట నిజమో కాదో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. అడగడానికి మా పెద్దవాళ్ళలో ఎవరూ మిగల్లేదు. బడి గోడకు ఉన్న రాతి పలక మీద మా తాత పేరు ఉంది. కౌలు పోయినవాడి పేరు అటువంటి పలకల మీద చెక్కరు. కాగితం మాత్రం నేను రాయలేదు.

పక్క గదిలో ఉండే నెల్లూరు క్లర్కు రాసిపెట్టాడు. అందరూ ఇళ్ళకు ఫోన్లు చేసి గట్టిగా చెప్పారు. రెండోసారి సభ పెట్టినప్పుడు ఆడవాళ్ళ బదులు మామలు, మరుదులు, బావలు వచ్చారు. పన్ను రద్దయింది. మేస్త్రీ భార్య ఆ రోజు కూడా సభకు పోయి, బడి వైపే చెయ్యెత్తింది. ఆమెతో పాటు లేచిన చేతులు బహు కొద్ది. అది విన్నప్పటి నుంచి మేస్త్రీ డబ్బు ఆమె పేర పంపడం మానేసి తమ్ముడి పేర పంపసాగాడు. కట్టినవాళ్ళకు పంచాయతీ పన్ను వాపసు ఇచ్చింది. కట్టినవాళ్ళు ఎంతోమంది లేరు, వాళ్ళలో మేమొకరం. హైస్కూలు మండలం అవతలి కొసన ఉన్న ఊరికి పోయింది.

ఏడో తరగతి పరీక్షలో ఆ పిల్ల మొదటిదిగా వచ్చిందని తెలిసిన రోజు మేస్త్రీ క్యాంపంతా లడ్డూలు పంచాడు. నాకు కాగితంలో చుట్టి వేరుగా తెచ్చి ఇచ్చాడు. కానీ టౌన్లో హాస్టలు సీటు దొరకలేదు. వయసొచ్చిన పిల్లను బస్సులో పంపడానికి తమ్ముడు ఒప్పుకోలేదు. డబ్బు చేతిలో ఉన్నది తమ్ముడే గనక అతని మాటే నెగ్గింది. బళ్ళు తెరిచేసరికి పిల్ల శనక్కాయ చేలల్లో కలుపుకు పోతోంది.

తర్వాత వచ్చిన ఉత్తరం తమ్ముడు రాశాడు. స్లాబుకు ఇసుక తోలించిన లెక్క తప్ప అందులో ఇంకేమీ లేదు.

"అమ్మి రాయలేదా?" అన్నాడు మేస్త్రీ.

"లేదు."

"కింద సందులో యాడన్నా చూడు సామీ."

చూశాను. లేదు. ఆపైన ఎప్పుడూ రాలేదు. ఫోను చేసి పిల్లను పిలవమన్నా ఇంట్లో లేదనేవాళ్ళు.

రెండేళ్ళకు అతనికి సెలవు దొరికింది. ఆ పిల్లకు గడియారం, సెంటు, పట్టు గుడ్డ పెట్టెలో సర్దుకుని పోయాడు. తిరిగి వచ్చిన సాయంత్రం పెట్టె కూడా విప్పకుండా కింద కూర్చున్నాడు. ఇల్లు పూర్తయిందా అని అడిగాను.

"అయింది. పైన కూడా పోసేసినారు." చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "అమ్మి నీళ్ళు తోడి పెట్టింది సామీ. అన్నం పెట్టింది. గుడ్డలుతికింది. ఉన్నన్నాళ్ళూ అన్నీ చేసింది. నాయనా అని మాత్రం అన్ల్యా. గడియారం ఇస్తే తీసుకుని వాళ్ళమ్మకిచ్చింది."

పెట్టెను మంచం కిందికి తోశాడు.

"సామీ, ఆ బడి పన్ను నా ఇంటిది మొత్తం, మూడేండ్లదీ, ఇప్పుడు నేనొక్కణ్ణే కట్టేస్తే తీసుకుంటారా?"

అలాంటి ప్రశ్నకు ఓదార్పు చెప్పే అలవాటు మా వంశంలో లేదు.

"ఆ పన్నే లేదు కదా మేస్త్రీ," అన్నాను.

అతను తల ఊపి, లేచి, పై మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.