ఫ్యూజులు కొంగున ముడేసుకున్న మా వదిన

మా వదిన పోయింది. ధర్మపురి ఆసుపత్రి నుంచి ఆమె చిన్నకొడుకు ఫోను చేసి, "అత్తా, అమ్మ ఇంక లేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. శవాన్ని ఎత్తిన రోజు పందిట్లో ఎవరో అన్నారు, "మంచి మనిషే, సీరియల్ పిచ్చి ఒకటే" అని. ఆ మాటకు జవాబుగా ఇది చెబుతున్నాను. నాకు రాత రాదు. రాసేవాళ్ళు ఒక్క మాట కూడా మెత్తపరచకుండా రాయాలి.

అవును, చూసేది. సాయంత్రమైతే వీధి ఆడవాళ్ళమంతా ఆమె వసారాలోనే. ఇసుక లారీల దందా చేసే ఒక కుటుంబం కథ అది. తండ్రి కుర్చీ కోసం కొడుకులు కొట్టుకుంటారు. పెద్దవాడు మొదట్లో బంగారం. తమ్ముణ్ణి కాపాడడానికి పోలీసులకు అబద్ధం చెబితే మేమంతా చప్పట్లు కొట్టాం. కొన్నాళ్ళకు ఆ తమ్ముణ్ణే మనుషులను పెట్టి కొట్టించాడు.

"పాడుగాను, ఎట్లాంటోడు ఎట్లయిపోయినాడు!" అని తిట్టాం.

వదిన అనపకాయలు వలుస్తూ తల ఎత్తలేదు. "ఈ పొద్దా వాడు చెడింది? మీరు చప్పట్లు కొట్టినారే, ఆ పొద్దే చెడినాడు."

"టీవీలో ఉండేవానికి మన చప్పట్లు ఇనబడతాయా వదినా?" అన్నాను.

"ఇంట్లో ఉండేవానికి ఇనబడతాయి మే."

ఆ ఇంట్లో ఉండేవాడి సంగతీ చెబుతాను. మా అన్న తవ్విన బావిలో మూడు భాగాలు: కొడుకులిద్దరివి రెండు, మా చిన్నాయన కోడలిది ఒకటి. ఆమెకు మొగుడు లేడు, మా అన్న కొడుకులకు చిన్నమ్మ వరస. అన్న పోయినప్పటి నుంచి మోటారు ఫ్యూజులు వదిన కొంగులోనే ఉండేవి. వంతు వచ్చినవాళ్ళు అడిగి తీసుకుని, నీళ్ళు పారించుకుని, తిరిగి ఇచ్చేవాళ్ళు.

ఈ ఎండాకాలం పాలకోడు మార్కెట్టులో టమాటా ధర ఎగిరింది. ఆ చిన్నమ్మ వంతు రోజున పెద్దోడు వచ్చి, "ఆమే పంపిందమ్మా, ఆమె మడికి నేనే పారిస్తా" అని ఫ్యూజులు పట్టుకుపోయాడు. ఆమెతోనేమో మోటారు కాలిపోయిందని చెప్పి, తన తోటకు పారించుకున్నాడు. సంగతి బయటపడితే టీ అంగడి దగ్గర అందరూ నవ్వారు. "మొగోడంటే వాడురా, ఏం తెలివి!" తమ్ముడు కూడా నవ్వాడు.

వదిన నవ్వలేదు, అరవలేదు. నేరుగా బావికాడికి నడిచి, నీళ్ళు పారుతుండగానే ఫ్యూజులు పీకేసింది.

"కాయ దిగే టయమమ్మా! నీ కొడుకు పైరమ్మా!"

"కొడుకువనే పీకినాను. ఈ పొద్దు నేను నవ్వి ఊరుకుంటే, రేపు నీ తమ్ముని వంతూ తింటావు."

తమ్ముడి నవ్వు అక్కడే ఆగిపోయింది. దాన్నే వీళ్ళు సీరియల్ పిచ్చి అంటున్నారు.

ఆసుపత్రికి పోయే ముందు వదిన ఆ ముడి విప్పి నా చేతిలో పెట్టింది. "గట్టిగా అడిగినోనికి ఇయ్యొద్దు మే. వంతు వచ్చినోళ్ళకు ఇయ్యి."

సమాధికి పాలు పోసి వచ్చిన రోజే పెద్దోడు నా గడపలో నిలబడ్డాడు.

"అత్తా, ఫ్యూజులు ఇయ్యి. పెద్దకొడుకును, నా దగ్గరే ఉండాల."

"నీ వంతు ఎప్పుడు?"

"ఎల్లుండి."

"ఎల్లుండి రా."

"నువ్వు ఆడబిడ్డవు. నీకు ఆ బావిలో భాగమే లేదు కదా!"

"లేదు గనకే నా దగ్గర ఉంటాయిరా."

వాడు కోపంగా వెళ్ళిపోయాడు. రేపు పదిమందిని వెంటబెట్టుకుని వస్తాడేమో. రానీ. నేను చచ్చేదాకా నా జవాబు ఇదే.

ఈ పొద్దు ఆ చిన్నమ్మ వంతు. త్రీఫేస్ కరెంటు రాగానే ఇద్దరం పోయి మోటారు వేశాం. పెద్దోడు అవతలి గట్టు మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆమె చీర ఎగజెక్కి పారతో మడవ తీసింది. నెర్రెలు విచ్చిన మడిలో నీళ్ళు కాసేపు ముందుకు కదల్లేదు, నేల తాగుతూనే ఉంది. తర్వాత మెల్లగా నిండి, వాడిపోయిన మొదటి మొక్క మొదలును చుట్టి, రెండో మొక్క వైపు పాకాయి.