మర్రివారబ్బాయి

పురోహితుడి కూతుర్నే అయినా, ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నవ్వేసే రకం నేను. ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది.

రాజమండ్రిలో డేటా ఎంట్రీ ఉద్యోగం నాది. నిరుడు మాకు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల కార్డులు వచ్చాయి. స్కాన్ చూసి పేర్లు, ఊళ్లు ఎక్కించాలి. తమవాళ్ల కోసం వెతుక్కునేవారికి అవి సైట్‌లో దొరకాలి.

ఒక కార్డు మీద 'మర్రీ డంకన్' అని ఉంది. ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు, హాలండ్‌లో చనిపోయాడు. మనకి ఇంటిపేరు ముందు రాయడం అలవాటు కదా, మర్రీని ఇంటిపేరు గడిలో కొట్టేశాను. "మన మర్రివారబ్బాయేనండీ" అని పక్క సీట్లవాళ్లని నవ్వించాను కూడా.

రెండు రోజుల తర్వాత చెక్ చేస్తుంటే కార్డు అడుగున తల్లి పేరు కనిపించింది. ఆవిడ ఇంటిపేరు డంకన్. అంటే మర్రీ అతని పేరు. చెబితే అప్పటికే పైకి పంపేసిన బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించాలి, మాట నేను పడాలి. ఊరుకున్నాను.

మహాలయ అమావాస్య పొద్దున్న నాన్నకి తోడుగా గోదావరికి వెళ్లాను. తర్పణాలయ్యాక చివర్లో తడిబట్ట కొస పిండుతారు. వంశంలో పిల్లల్లేకుండా పోయినవాళ్లకి ఆ నీళ్లు. అక్కడ పేర్లు చెప్పే పని లేదు.

నాన్న బట్ట పట్టుకుని ఆగిపోయారు. నా వైపు తిరిగారు.

"మర్రి తన ఇంటిపేరు కాదంటున్నాడు. ఎవరమ్మా?"

"ఎవరు నాన్నా అన్నది?"

"ఏమోనమ్మా. చెవి దగ్గర చెప్పినట్టే వినపడింది."

ఆ పేరు నేను ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. మా ఆఫీసువాళ్లెవరూ నాన్నకి తెలియదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"అది పేరే నాన్నా. ఇంటిపేరు డంకన్."

నాన్న "డంకన్ వారి మర్రి" అని బట్ట పిండారు.

మర్నాడు ఆఫీసులో తప్పు ఒప్పుకున్నాను. "ఫైలు వెళ్లిపోయిందండి, ఇక మన చేతిలో లేదు" అన్నారు సూపర్‌వైజర్ గారు. కెనడావాళ్లకి రెండు మెయిళ్లు రాశాను. జవాబు రాలేదు.

నాన్నకి ఆ మాట ఎలా వినపడిందో ఇప్పటికీ నేను చెప్పలేను. అప్పుడప్పుడు సైట్ తెరిచి, ఇంటిపేరు గడిలో డంకన్ అని కొట్టి వెతుకుతాను, వాళ్లమ్మ వెతికితే ఎలా వెతికేదో అలా. ఆ అబ్బాయి దొరకడు. ఇంకా మర్రివారింట్లోనే ఉన్నాడు, నేను పెట్టిన చోటే.