ఇంగ్లీషు క్లాసులో సాక్ష్యం

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున్న జడ వేయించుకుంటూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "మమ్మీ, వచ్చే నెల పేరెంట్స్ మీటింగుకి నువ్వు రావాల్సొస్తే రా. కానీ ఏం మాట్లాడకు. మేడమ్ ఏమడిగినా నవ్వు, చాలు."

అంతకుముందు ప్రతిసారీ వాళ్ల నాన్నే వెళ్లేవారు. స్టీల్ ప్లాంటులో ఆయన షిఫ్టులు మారాక శనివారాలు ఖాళీ దొరకడం మానేసింది.

నాకు కోపం ముందొస్తుంది, బుద్ధి వెనకాల తీరిగ్గా వస్తుంది. "ఏటే, నాను మాటాడితే నీ పరువు పోద్దేటి?" అని జడ గట్టిగా లాగాను. అది "అబ్బా" అంది గాని, పోదు అనలేదు. అలా అనకపోవడం నన్ను వారం రోజులు తినేసింది.

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. తెలుగు మీడియంలో పది చదివాను. ఇంగ్లీషులో నాకు వచ్చినవి ఎస్, నో, థాంక్యూ, ప్రైజ్ ద లార్డ్. బట్టల షాపులో ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే నా బదులు మా అమ్మాయే జవాబు చెప్పేది. అది చిన్నగా ఉన్నప్పుడు ఆ సంగతి పదిమందికి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. అది పెద్దదవుతున్నకొద్దీ గొప్ప తగ్గి సిగ్గు మిగిలింది.

సీతమ్మధారలో ఒక మందుల షాపు పైన మేడగదిలో మధ్యాహ్నాలు ఇంగ్లీషు నేర్పుతారని తెలిసి చేరాను. మా ఆయనకి చెప్పాను గాని అమ్మాయికి చెప్పొద్దన్నాను. మొదటిరోజు వెళ్లేసరికి గదినిండా ఉద్యోగాల కోసం తిరిగే కుర్రాళ్లు. చివరి బెంచీలో ఒకావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు జారాక చూద్దును కదా, మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల తల్లి! దొంగతనంలో దొరికిపోయినట్టు ఇద్దరం బిత్తరపోయాం.

"మీరేటండీ ఇక్కడ?" అందావిడ.

"మీరెందుకొచ్చారో నానూ అందుకే," అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్లదీ మాలాగే పల్లె నుంచి వచ్చిన ఇల్లు. వాళ్లమ్మాయి కూడా మాట్లాడొద్దనే చెప్పిందట.

మాకు చెప్పే అమ్మాయి నాకంటే చాలా చిన్నది. మమ్మల్నిద్దరినీ ఆంటీ అనేది. మొదట ఐ, యూ, హీ, షీ, ఇట్. ఇంట్లో పిల్లని "అది" అని పిలిచే నోరాయె, మా అమ్మాయి గురించి చెప్పమంటే నాకు ఇట్ అనే వచ్చింది. "ఆంటీ, పాప ఇట్ కాదు, షీ," అంది. కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గాని చెవులు కాలిపోయాయి. తర్వాత క్రియలు. నిన్నటికొక రూపం, ఇవాళ్టికొకటి, రేపటికింకొకటి. గిన్నెలు తోముతూ గో, వెంట్, కమ్, కేమ్ అనుకుంటుంటే అమ్మాయి విని, "ఏం గొణుగుతున్నావ్ మమ్మీ?" అనడిగింది. "ప్రార్థనే," అన్నాను. దేవుడు క్షమించుగాక.

మూడో వారంలో టీచరమ్మ, జరిగిపోయిన సంగతులు చెప్పే క్రియలతో మీ జీవితంలోంచి ఏదైనా చెప్పండి, నిలబడి చెప్పాలి అంది. కుర్రాళ్లు ఊటీ వెళ్లాం, బండి కొన్నాం అని ముగించారు. నా వంతొచ్చింది.

నిలబడి మాట్లాడటం నాకు ఒక్క చోటే అలవాటు, మా చర్చిలో. అక్కడ పిల్లల పుట్టినరోజు వచ్చిన ఆదివారం కుటుంబమంతా ముందుకు వెళ్తాం. పాస్టరు గారు ప్రార్థన చేశాక తల్లో తండ్రో సాక్ష్యం చెప్పాలి. అంటే, ఎలాంటి కష్టంలోంచి దేవుడు మమ్మల్ని దాటించాడో సంఘమంతటి ముందు విప్పి చెప్పడం. ఏదీ దాచుకోకూడదు. ఎంత దాచకపోతే అంత మంచి సాక్ష్యం. నాది మంచి సాక్ష్యమని పేరు. ముసలమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు.

క్లాసులో లేచి నిలబడగానే నా నోట్లోంచి "ప్రైజ్ ద లార్డ్" అని వచ్చేసింది. ఆ తర్వాత ఆగలేదు. ఏటా చెప్పేదే, తెలుగులోది ఇంగ్లీషులోకి దొర్లుకుంటూ పోయింది. మా పాప ఏడో నెలలో పుట్టింది. ఏడవలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. బతికింది గాని ఆరో తరగతి దాకా రాత్రిళ్లు పక్క తడిపేది. నేను ఏడ్చాను. ఉపవాస ప్రార్థనల్లో అందరూ దానికోసం మోకరించారు. ఆగిపోయింది. ఇప్పుడు క్లాసులో ఫస్టు. చెప్పడం అయ్యాక, చర్చిలోలాగే అందరూ "స్తోత్రం" అంటారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఎవరూ అనలేదు. టీచరమ్మ మాత్రం, "ఆంటీ, క్రియల్లో ఒక్క తప్పు లేదు!" అంది. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంది. నేను ఆరోజు ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలి వెళ్లాను.

ఆవిడ చెడ్డది కాదు. ఇంట్లో కూతురికి నా గురించే గొప్పగా చెప్పింది, ఆ తల్లి బిడ్డకోసం ఎంత పడిందో చూడు అని. ఆ పిల్ల బళ్లో చెప్పింది.

తర్వాతి వారం మా అమ్మాయి బడి నుంచి వచ్చి సంచీ కింద పడేసింది. బూట్లు విప్పకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

"మమ్మీ, ఎక్కడో ఇంగ్లీషు క్లాసులో నా గురించి ఏం చెప్పావ్?"

నేను కింద పడున్న సంచీ తీసి బల్ల మీద పెట్టాను.

"నేను కూర్చోబోతే బెంచీ తుడుస్తున్నారు. రోజూ. నవ్వుకుంటూ తుడుస్తున్నారు."

అప్పటికైనా ఊరుకుంటే బాగుండేది. కోపం ముందొచ్చే మనిషిని కదా. "అందులో తప్పేటుందే? చర్చిలో ఏటేటా సెప్తన్నాను కదా. కొత్త గౌనేసుకుని నా పక్కనే నిలబడతన్నావు కదా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడేటి?"

అది నా ముఖంలోకి చూసింది. "అప్పుడూ ఉంది. నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. నువ్వు ఒక్కసారీ అడగలేదు."

ఏటా అది తలొంచుకుని బూట్ల వైపే చూస్తూ నిలబడేది. భక్తి అనుకునేదాన్ని. మా పిల్లకి ఎంత వినయమో అని పక్కింటివాళ్లకి చెప్పుకున్నాను కూడా. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. ఆ సాయంత్రం వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను. దాని ముందు ఏడవడానికి కూడా సిగ్గేసింది.

మీటింగు రోజొచ్చింది. వెళ్లొద్దనుకున్నాను. మా ఆయనకి షిఫ్టు. అమ్మాయి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. ఇద్దరం ఆటోలో చెరో చివర కూర్చున్నాం.

క్లాస్ టీచరు పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మార్కులు చూపించాక పెన్ను పక్కన పెట్టి అడిగింది. అమ్మాయి ఈ మధ్య ఎవరితోనూ కలవడం లేదు, మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తింటోంది, ఏం జరిగిందో తల్లిగా మీరు చెప్పండి అని. అంతా ఇంగ్లీషులోనే. జీవితంలో మొదటిసారి ఒక ఇంగ్లీషు ప్రశ్న నాకు ముక్క వదలకుండా అర్థమైంది. జవాబూ నాలుక మీదే ఉంది. జరిగిపోయిన సంగతులకి కావలసిన క్రియలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. చెబితే ఆవిడ ఆ పిల్లల్ని మందలించేది. నాకూ ఇంగ్లీషు వచ్చని మా అమ్మాయి చూసేది.

పక్కకి చూశాను. అది తలొంచుకుని బూట్ల వైపు చూస్తోంది.

"ఆస్క్ హర్, మేడమ్," అన్నాను. ఇంకో మాట రాలేదు, రానివ్వలేదు. మేడమ్ దాని వైపు తిరిగింది. నేను లేచి వరండాలోకి వచ్చేశాను. కిటికీలోంచి దాని వీపు కనిపించింది. ఏదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి చేత్తో కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చాక ఏం చెప్పావని అడగలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆటో సగం దూరం వెళ్లాక అదే మాట్లాడింది, రోడ్డు వైపు చూస్తూ.

"నా పుట్టినరోజుకి సాక్ష్యం చెప్తావా?"

"నాను సెప్పను."

"పాస్టరు గారు అడిగితే?"

"నిన్ను అడగమంటాను."

అది నవ్వలేదు. సీటు మీద కొంచెం ఇటు జరిగింది. పుట్టినరోజు వచ్చే నెలే. ముసలమ్మలంతా నా వైపు చూస్తారు, ఏం చెప్తుందా అని. ఇన్నేళ్లు నా పక్కన అది ఎలా నిలబడిందో, ఆరోజు దాని పక్కన నేనూ అలాగే నిలబడాలి, నా చెప్పులు చూసుకుంటూ.