పాచి జాగ్రత్త

సోమవారం పొద్దున కళ్ళజోళ్ళాయన పెరటిగోడకు ముక్కు ఆనించి నిలబడి ఉండగా, పైవాటా నుంచి అరబకెట్టు నీళ్ళు సరిగ్గా ఆయన నడినెత్తిన పడ్డాయి. ఆయన తల తుడుచుకోలేదు. పైకి చూసి, "సబ్బు నీళ్ళా, మంచి నీళ్ళా?" అని మాత్రం అడిగాడు.

"మంచి నీళ్ళే బావా, బట్టలు జాడించినవి!" అన్నాడు పైవాటాలో ఉండే బావమరిది.

కళ్ళజోళ్ళాయన చటుక్కున గోడ వంక తిరిగి చూశాడు. దానిమీద చుక్క పడలేదు. గోడలోని ఒక రాయి మీద అరచేయంత ఆకుపచ్చటి పొర ఉంది. ఇంట్లోవాళ్ళ లెక్కన అది పాచి. తన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాల మీద గీతలు వెతికే భూతద్దంతో చూస్తే మాత్రం సన్నటి కాడలు, వాటికి అటూ ఇటూ పెంకుల్లా ఒకదానిమీదొకటి వాలిన బుల్లి ఆకులు. మూడేళ్ళ కిందట అది బొటనవేలి గోరంత. మొన్న కళ్ళజోడు కాడ విరిగి దుకాణానికొచ్చిన కాలేజీ టీచరమ్మకు ఒక పోచ చూపిస్తే, ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది లివర్‌వర్ట్ అండీ, పాచిలా రాళ్ళ మీద పెరిగే బుల్లి మొక్క. ఆకులుండే రకం. కాడ కింద మూడో వరస ఆకులున్నాయేమో మైక్రోస్కోపులో చూస్తేగానీ ఏ జాతో చెప్పలేను. ఆదివారం వస్తా. అందాకా కాపాడండి."

ఎలా పెంచాలో కూడా చెప్పింది. వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు. వాననీళ్ళు పట్టి తుంపరగా కొట్టాలి. కుళాయి నీళ్ళలోని ఉప్పు దానికి పడదు. ఎరువు వేశారో, పోయిందన్నమాటే. అది నీళ్ళు తాగేది ఆకులతోనే, కింద ఉన్న వేళ్ళలాంటివి రాయిని పట్టుకోవడానికే.

సబ్బు నీళ్ళ గండం గడిచాక ఆయన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'పాచి జాగ్రత్త' అని రాసి రాయి పక్కన తగిలించాడు. లివర్‌వర్ట్ అంటే ఎవరికి అర్థమవుతుంది?

మంగళవారం చూస్తే ఒక అంచు మాయం. బుధవారానికి ఇంకో అంచు.

మొదటి అనుమానం భార్య మీదికే పోయింది.

"ఏమండీ, తింటున్నంతసేపూ ఆ ఓరచూపులేమిటి?"

"నిన్న పెరట్లోకి ఎందుకెళ్ళావు?"

"నా పెరట్లోకి నేను వెళ్ళడానికి చీటీ రాయించుకోవాలా?"

తడబడకుండా జవాబిచ్చింది గనక ఆవిడని వదిలేశాడు. గురువారం బావమరిది గుర్తొచ్చాడు. పోయిన నెలే చేపల తొట్టి కొన్నాడు. తొట్టికి పచ్చదనం ఎక్కణ్ణుంచొస్తుంది? కళ్ళజోడు బిగిస్తానన్న వంకతో పైకెళ్ళి, తొట్టిలో తల దూర్చినంత పని చేశాడు. అన్నీ ప్లాస్టిక్ మొక్కలే. మరీ తెలివిగా దాచాడన్నమాట!

శుక్రవారానికి మళ్ళీ బొటనవేలి గోరంత మిగిలింది. శనివారం దుకాణం తెరవకుండా పెరటి తలుపు వెనక నక్కాడు. ఏడు గంటలకు బావమరిది దిగాడు. చేతిలో బట్టల బ్రష్షు.

"దొరికావురా!"

బావమరిది ఉలిక్కిపడ్డాడు. "ఏమిటి బావా, నువ్వేగా బోర్డు పెట్టావు! అక్క జారిపడుతుందేమోనని రోజూ కాస్త కాస్త గీకుతున్నా. అంతా అయ్యాక చెబుదామనుకున్నా."

కళ్ళజోళ్ళాయన బోర్డు వంక చూశాడు. బ్రష్షు వంక చూశాడు. మిగిలిన గోరంత ముక్కని చాకుతో పొరలా లేపి, గులకరాయికి దారంతో కట్టి, మూతున్న గాజు సీసాలో పెట్టాడు.

ఆదివారం టీచరమ్మ సీసాలోంచి ఒక్క పోచ తీసి, వెంట తెచ్చిన చిన్న మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, "మూడో వరస ఉందండీ!" అంది. పేరు తేల్చడానికి ఆ పోచని కాలేజీకి పట్టుకెళ్ళింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, బావమరిది మూతి ముడిచాడు.

"వారం రోజులు నన్ను దొంగనుకున్నావు కదా బావా!"

"దొంగవైతే బాగుండేదిరా, నీ దగ్గరైనా బతికుండేది."