కొల్లేరు ప్రయాణానికి రిహార్సల్

మా పెదనాన్నగారు పోయారన్న ఫోను కార్తీకంలో ఒక తెల్లవారుజామున తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. ఏలూరు నుంచి మేం వెళ్లేసరికి వాకిలి నిండా జనం. నిద్రలోనే పోయారట. ఏ ఊరు వెళ్లాలన్నా నెల ముందు నుంచే మా ప్రాణాలు తోడేసిన మనిషి, ఈసారి ఎవరికీ ఒక్క మాటైనా చెప్పలేదు. ఏడుపుతోపాటు నాకు కోపం కూడా వచ్చింది.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సెలవులొస్తే రెండు కుటుంబాలూ కలిసి ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. వెళ్లినచోట నడవాలి, ఎక్కాలి, ఈదాలి. హాయిగా కూర్చుని తినడం ఆయన దృష్టిలో సెలవే కాదు. "బస్సులోంచి చూసింది చూసినట్టు కాదమ్మా" అనేవారు. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. కానీ విహారయాత్రకి రిహార్సల్ పెట్టే పెద్దమనిషి ఉండరని నా నమ్మకం.

అవును, రిహార్సలే. ద్వారకా తిరుమల కొండ కాలినడకన ఎక్కాలనుకున్న ఏడాది, వారం ముందు మా అందరిచేతా బ్యాగులు మోయించి ఏలూరు కాలువ గట్టు మీద నడిపించారు. ఖాళీ బ్యాగులు కాదు. బట్టలు, మంచినీళ్లు, పులిహోరతో సహా. ఎదురొచ్చినవాళ్లు ఆగి మరీ అడిగేవారు.

"సామాన్లతో ఎక్కడికండీ మాస్టారూ?"

"ఎక్కడికీ కాదండీ. ఇంటికే."

బ్యాంకులో తనతో పనిచేసేవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని మా నాన్న తలదించుకుని నడిచారు. "అన్నయ్యా, ఆటో పిలవనా?" అని మెల్లిగా అడిగితే, "పిలువు. నువ్వెక్కి వెళ్లు, నీ బ్యాగు పిల్లలు మోస్తార్లే" అన్నారు పెదనాన్నగారు. నాన్న బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుని నడక సాగించారు.

తిరిగొచ్చాక ఇంకో పరీక్ష. "ఏం చూశావు?" అని నన్ను అడిగేవారు. బాగుందంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందని ఇంట్లో కూర్చుని కూడా చెప్పొచ్చు. చూసింది చెప్పు." పెదపాడు దగ్గర చేపల చెరువు గట్టున ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం ఎలా చెప్పాలో తెలియక ఒకరోజు నాకు ఏడుపొచ్చింది. "తడి గొడుగు విప్పి పెట్టినట్టు" అన్నాక గానీ నన్ను కంచం దగ్గరికి వెళ్లనివ్వలేదు. ఇవాళ ఒక్క మాట కోసం ఎంతసేపైనా వెతుక్కోవడం నాకు ఇష్టమైందంటే అది ఆ విసిగించిన మనిషి చలవే.

మమ్మల్ని ఇంత తిప్పిన ఆయన పెద్దమ్మని మాత్రం ఎక్కడా పైదాకా తీసుకెళ్లలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మేం ఎక్కుతుంటే కింద సామాన్ల దగ్గర కూర్చునేది. ఆవిడ కోరింది ఒక్కటే, కొల్లేరులో పడవెక్కి, చలికాలం అక్కడ గూళ్లు పెట్టే గూడబాతుల్ని, అంటే పెలికాన్లని, దగ్గరగా చూడాలని. "దగ్గరే కదా, వచ్చే ఏడు చూద్దాం" అనేవారు పెదనాన్నగారు. దూరపు ఊళ్లన్నీ అయిపోయాయి. దగ్గరే కదా అన్నది అలాగే ఉండిపోయింది.

మొన్న దసరాకి అందరం కూర్చుని చలికాలం ఎటు వెళ్లాలా అని తర్జనభర్జన పడుతుంటే పెద్దమ్మ అంది, "ఈసారి కొల్లేరు కాకపోతే నేను రానండీ. దారికి వంట కూడా చెయ్యను."

ఆయన ఒప్పుకున్నారు. మర్నాడే రిహార్సల్ మొదలు. వసారాలో నులకమంచం నులక వదులు చేసి ఆవిడని ఎక్కమన్నారు. ఎక్కి నిలబడగానే పట్టె పట్టుకుని ఊపారు.

"ఆపండీ, నడుం విరుగుతుంది."

"పడవ నీకోసం ఆగుతుందా? మోకాలు కాస్త వంచు. కాళ్లకేసి కాదు, దూరంగా చూడు."

"దూరంగా ఏముందండీ, పక్కింటి గోడ తప్ప?"

మేం నవ్వలేక చచ్చాం. ఆ తర్వాత కూడా రోజూ సాయంత్రం తనని మంచం మీద నిలబెడుతున్నారని పెద్దమ్మ ఫోన్లో విసుక్కునేది. ఆ విసుగు తీరకముందే ఆయన పోయారు.

ఏడాదిపాటు మేమెవరం కొండ ఎక్కకూడదని, పెద్దమ్మ గడప దాటకూడదని మా మేనత్త తేల్చి చెప్పింది. మాఘం వచ్చింది. ఎండలు ముదిరితే గూడబాతులు పిల్లలతో సహా వెళ్లిపోతాయి. పెద్దమ్మ ఆ మాట ఎత్తగానే అత్తయ్య మండిపడింది.

"ఇప్పుడు షికార్లేంటి వదినా? వచ్చే ఏడు వెళ్దువుగాని."

"మీ అన్నయ్య కూడా అదే అనేవారు, వచ్చే ఏడని. నువ్వూ మొదలుపెట్టకు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"మంచమెక్కి ఊగినప్పుడే అనుకున్నారులే. గోడవతల నుంచి అందరూ చూశారు."

నాన్న లేచి వెళ్లి కారు మాట్లాడి వచ్చారు.

కొల్లేటి ఒడ్డున ఆటపాక రేవులో పెద్దమ్మ కాలు పెట్టగానే పడవ పక్కకి ఒరిగింది. నాన్న చెయ్యి అందించేలోపే ఆవిడ మోకాలు కాస్త వంచి, దూరంగా చూస్తూ లోపలికి దిగి కూర్చుంది. పడవ గూళ్ల దగ్గరికి వెళ్లింది. ఒక గూట్లో పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి తింటోంది. తల్లి కళ్లు మూసుకుని ఓర్చుకుంటోంది.

"ఇంక వెనక్కి తిప్పమంటారాండీ?" అని పడవ నడిపే అతను అడిగాడు. నాన్న పెద్దమ్మకేసి చూశారు. ఆవిడ వినిపించుకోలేదు. నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపితే అతను ఇంజను ఆపేశాడు.

గాలికి పడవ ఉన్నచోటే మెల్లగా తిరుగుతోంది. అది ఎటు తిరిగినా పెద్దమ్మ మొహం మాత్రం ఆ గూటివైపే ఉంది.