బొమ్మల సినిమా, ఇంట్లో ఉండిపోయిన తెరచాప

ఆ సినిమా పేరు నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. క్యాసెట్టు మీద అంటించిన కాగితం ఓడలో వస్తూ వస్తూనే ఉప్పుగాలికి ఊడిపోయిందట. వీడియో వేసి చూపించే దుకాణం భయ్యా పలక మీద సుద్దముక్కతో 'కార్టూన్' అని హిందీలో రాసి బయట పెట్టాడు. కార్టూనంటే పిల్లలదే అనుకుని పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న మా బాంబూఫ్లాట్‌లో సగంమంది తల్లులు పిల్లల్ని వెంటేసుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. మా వదిన మాత్రం సినిమా కోసం రాలేదు. టెలిఫోను కోసం వచ్చింది.

జెట్టీ దగ్గర మా వాళ్ళకి అందుబాటులో ఉన్న టెలిఫోను ఆ వీడియో దుకాణంలోదే. మా అన్నయ్య సముద్రంలో కనిపించకుండా పోయాడు. హార్బరు ఆఫీసువాళ్ళు ఓడలన్నిటికీ వైర్‌లెస్‌లో కబురు చెప్పామనీ, ఏ సంగతి తెలిసినా ఈ దుకాణానికి ఫోను చేస్తామనీ అన్నారు. ఆ మాట పట్టుకుని వదిన రోజూ పొద్దున్నే పొయ్యి పని చూసుకుని వచ్చి ఫోను పక్కన స్టూలు మీద కూర్చునేది. ఒక్కదాన్నే పంపబుద్ధి కాక నేనూ వెళ్ళేదాన్ని. నాకింకా పెళ్ళి కాలేదు, హిందీ బళ్ళో చదువు ముగించి ఇంటి పట్టునే ఉన్నాను. ఉన్నానన్న మాటే గానీ ఎవరికీ ఏ ఉపకారమూ చెయ్యలేకపోయాను.

వదిన జుట్టు అప్పటికే అట్టలు కట్టింది. మా ఇళ్ళల్లో మగాడు సముద్రం మీద ఉండగా పెళ్ళాం తల దువ్వకూడదు, నూనె రాయకూడదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి మా తాత ఓడెక్కి ఈ దీవులకి వచ్చినప్పుడు వలలతో పాటు ఈ పట్టింపులన్నీ కూడా తెచ్చుకున్నాడు. అన్నయ్య పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేవాడు కాబట్టి అదో పెద్ద కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు. వాడు ఒడ్డెక్కాక వదిన గుమ్మంలో కూర్చుని తీరిగ్గా చిక్కు తీసుకునేది. నేను ఎగతాళి చేసేదాన్ని కూడా, మొగుడొచ్చాడని ఊరందరికీ నీ దువ్వెనే చెబుతుందని.

అంతా ఆ మోటారుతో మొదలైంది. మా వీధిలో ఒక్కొక్కరే డోంగీలకి, అదే మా చిన్న పడవలకి, మోటార్లు పెట్టించుకుంటున్నారు. అన్నయ్య కూడా పట్టుబట్టి ఒకటి తెచ్చాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చి, అరుగు మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టాడు. అమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, గంగమ్మకి చూపించకుండా ఇది నీళ్ళు తాకకూడదంది. కొత్తది ఏదొచ్చినా అమ్మవారికి చూపించి పసుపూ కుంకుమా పెట్టించాలి. అంతవరకూ పాత తెరచాపా కొత్త మోటారూ ఒకే డోంగీలో ఉండకూడదు, ఉంటే తల్లికి కోపం. ఇది మా అమ్మ సొంతంగా పుట్టించింది కాదు, వాళ్ళమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది. పూజ మంగళవారం అనుకున్నారు.

ఈలోగా వంజరం చేపలు పడుతున్నాయని కబురొచ్చింది. ఇంక అన్నయ్య ఆగుతాడా? మంగళవారం దాకా చేపలు నాకోసం కూర్చుంటాయా అని మోటారు బిగించేశాడు. తోడు వెళ్ళేవాడికి జ్వరమైతే ఒక్కడే బయల్దేరాడు. అమ్మకి కోపం వచ్చింది, కానీ కొడుకుని ఆపలేదు. తనకి చేతనైన పని చేసింది. డోంగీలోంచి తెరచాప తీయించి, మడత పెట్టి, తెచ్చి దేవుడి గూటి కింద పెట్టుకుంది. రెండూ కలిసి వెళ్ళకూడదు కాబట్టి ఒక్కటే వెళ్ళాలి. కొడుకుని కాపాడుతున్నాననే అనుకుంది.

అన్నయ్య నవ్వాడు. "ఒలమ్మా, మోటారుంటే ఇంక ఆ గుడ్డెందుకే," అన్నాడు.

వాడి నోట నేను విన్న ఆఖరి మాట అదే.

సాయంత్రం మా వీధివాడే ఒకడు తెడ్డు వేసుకుంటూ వచ్చి చెప్పాడు. దూరంలో అన్నయ్య డోంగీ కనిపించిందట. మోటారు ఆగిపోయి, లేచి నిలబడి దాని తాడు లాగుతున్నాడట. లాగుతున్నాడు, లాగుతున్నాడు, అది పలకటం లేదు. గాలి మాత్రం ఒడ్డువైపే ఉందట, తెరచాప ఎత్తితే చాలు వచ్చేసేవాడు, ఎందుకు ఎత్తలేదో తెలీలేదు అన్నాడు పాపం. నీటి ఒరవడికి డోంగీ కొట్టుకుపోతుంటే ఇతను ఎంత తెడ్డు వేసినా అందుకోలేకపోయాడు. అన్నయ్య దగ్గరా తెడ్డు ఉంది గానీ ఆ ఒరవడికి ఒక్క తెడ్డు ఏ మూలకి? ఈ మాటలు వింటూ మా అమ్మ దేవుడి గూటివైపు చూసింది. వదిన అమ్మవైపు చూసింది.

ఆ తర్వాత అందరూ ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. హార్బరు ఆఫీసు నుంచి లాంచీ వెళ్ళింది. పక్కవీధిలో తెలుగు చర్చివాళ్ళు, మాకూ వాళ్ళకీ కొళాయి దగ్గర రోజూ తగాదాలే, అయినా వచ్చి మా అరుగు మీద మోకాళ్ళూని ప్రార్థన చేసి వెళ్ళారు. అమ్మ గూటి ముందు దీపం కొండెక్కనివ్వలేదు. వదిన మాత్రం దేవుణ్ణి వదిలేసి ఫోను పట్టుకుంది. అత్తాకోడళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. తెరచాప ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

సరే, ఆ మధ్యాహ్నం సంగతి. అది ఇంగ్లీషు సినిమా. ఇంగ్లీషు సినిమా వేస్తే ఎవరో ఒకరు టీవీ పక్కన నిలబడి కథ చెప్పాలి, మా దగ్గర అదో ఆనవాయితీ. భయ్యా నన్ను చూసి, "దీదీ, తుమ్ బోల్ దో నా," అని కథ నన్నే చెప్పమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఇలా ఉంటే వీళ్ళకి కథలా? కానీ రోజంతా ఆయన ఫోను పక్కన ఊరికే కూర్చుంటున్నాం, టీ కూడా ఇప్పిస్తున్నాడు. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

నాకొచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. బొమ్మల్ని చూసి సగం అల్లాను. ఒక అడవి, అందులో ఒక ముసలి మంత్రగత్తె, ఆకు మీద ఊదితే ఆకు పిట్టై ఎగిరిపోతుంది. అవతల ఒక ఇనుప ఊరు, దానికో రాజు, వాడి దగ్గర అన్నీ యంత్రాలే. ఇద్దరికీ పడదు. ఇదంతా తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెబుతున్నాను. ఇంతలో అడవి కన్యలు వచ్చారు, ఒంటి మీద నూలుపోగు లేకుండా. ఆ వెంటనే ఒక యంత్రం ఒకణ్ణి రెండు ముక్కలు చేసింది, తెరంతా నెత్తురు. తల్లులు పిల్లల కళ్ళకి చెంగులు అడ్డం పెట్టేవాళ్ళు పెట్టారు, జబ్బ పట్టుకుని బయటికి లాక్కుపోయేవాళ్ళు పోయారు. ఒకావిడ భయ్యాని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన చేతులు జోడించి, కార్టూన్ అంటే ఇలా ఉంటుందని నాకేం తెలుసమ్మా అని మొత్తుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వానని వెంటనే ఏడుపొచ్చింది.

మిగిలినవాళ్ళు రెండు జట్లయిపోయారు. కుర్రాళ్ళందరూ ఇనుప రాజు పక్షం, అందరికీ మోటార్ల మీదే కదా కన్ను. ముసలమ్మలు మంత్రగత్తె పక్షం. రాజుదే గెలుపని వీళ్ళు, కాదు ముసల్దానిదేనని వాళ్ళు. వదిన స్టూలు మీద నుంచి కదల్లేదు. ఒక చెయ్యి ఫోను మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం తెర మీదే. రెప్ప వెయ్యడం లేదు. ఆమె దాన్ని సినిమాలా చూడటం లేదని నాకు అర్థమైంది. ఎవరు గెలిచారని చెప్పినా నేను ఆమెకి ఏదో ఒకటి చెప్పేసినట్టే అవుతుంది.

వదిన నా కొంగు పట్టుకుని లాగింది. "అమ్మీ, ఆ ముసల్దీ, ఆ రాజూ ఒక పక్కనుంటే ఏటయిపోద్ది? ఎవులికేటి నష్టం?"

అది కథలో లేదు వదినా అన్నాను.

యంత్రాలన్నీ అడవిలోకి చొరబడుతున్నాయి, ముసలిది రెండు చేతులూ పైకెత్తింది, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. అందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు. ఆ చీకటి గదిలో ఫోను మోగింది.

అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. వదిన ఫోను ఎత్తలేకపోయింది, చెయ్యి దాని మీదే ఉంది గానీ వేళ్ళు బిగుసుకుపోయాయి. భయ్యా వచ్చి ఆ వేళ్ళు మెల్లగా విడదీసి ఎత్తాడు. విన్నాడు. మా వైపు చూడకుండా పెట్టేశాడు. అవతల పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంకో వీడియో దుకాణంవాడట, ఆ బొమ్మల క్యాసెట్టు ఎప్పుడు తిరిగి పంపుతావని అడిగాడట. ఆ ఫోనుని గోడకేసి కొట్టాలనిపించింది నాకు. కరెంటు వచ్చేదాకా ఉండకుండా వదినని ఇంటికి తీసుకొచ్చేశాను.

మంగళవారం అమ్మ పూజ చేసింది. మోటారు లేదు, డోంగీ లేదు, డోంగీ నడిపేవాడు లేడు, తెరచాపకి ఒక్కదానికే పసుపూ కుంకుమా పెట్టింది. దాన్ని నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి నడిచింది. వెతకడానికి వెళుతున్న మా వీధి డోంగీలో తన చేత్తో పెట్టి, వాడు కనిపిస్తే అన్నం కంటే ముందు ఇది ఇవ్వండి బాబూ అని చెప్పింది. వాళ్ళు తలలూపారు. రెండు రోజులు తిరిగి వచ్చారు. తెరచాప విప్పని మడతతోనే వచ్చింది, పసుపు కూడా చెదరలేదు. వాళ్ళలో పెద్దవాడు దాన్ని అరుగు మీద పెట్టి, కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత లాంచీ కూడా ఆగిపోయింది. వదిన దుకాణానికి వెళ్ళడం మానలేదు. ఫోను వేరేవాళ్ళ కోసం మోగుతూనే ఉంది. ఆమె జుట్టు జడలు కట్టి వాసన వేస్తోంది, పేలు కూడా పడ్డాయి. దువ్వుకో వదినా అనడానికి నాకు నోరు రాదు. అలా అంటే ఏమన్నట్టో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం వదిన దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది. అమ్మ లోపలినుంచి కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చి ఆమె వెనకాల కూర్చుంది. అరచేతిలో నూనె పోసుకుని కోడలి తల మీద పెట్టింది. వదిన ఒక్కసారి ఉలిక్కిపడింది. తప్పించుకోబోయి, ఆగిపోయింది. అమ్మ కొసల దగ్గర మొదలుపెట్టి ఒక్కో చిక్కూ వేళ్ళతో విడదీస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను, ఆపమనాలో సాయం పట్టాలో తెలీలేదు.

వదిన వీధివైపు చూస్తూనే అంది.

"తెరచాప ఇంట్లోనే ఉండిపోనాది కదత్తా."

అమ్మ దువ్వెన తీసుకుని, నొప్పెట్టకుండా ఎడంచేత్తో కుదుళ్ళు నొక్కి పట్టుకుని, దువ్వుతూనే ఉంది.